మోజు పాట ఎవరిది?

కడపలోనో అనంతపురంలోనో ఒక చిన్న గదిలో తయారైన ప్రైవేటు పాట, అంటే సినిమాతో పనిలేకుండా సొంతంగా చేసుకున్న మోజు పాట ఒకటి రీల్స్‌లో పాకి, ఎఫ్‌ఎమ్‌లో మోగి, ఆఖరికి హైదరాబాదు నుంచి ఏదో సినిమా ఆఫీసు ఫోను చేసిందనుకోండి. అందరూ అనే మాట ఒకటే: "వాని అదృష్టం అప్పా." అదృష్టం ఉంటుంది, కాదనను. కానీ ఆ ఫోను వచ్చిన రోజుకు పాట ఇంకా ఆ పిల్లోడి చేతిలోనే ఉందా లేదా అన్నది అదృష్టం తేల్చే విషయం కాదు. బీటు (పాట వెనక మోగే సిద్ధం చేసిన మ్యూజిక్కు) ఎక్కడ తెచ్చుకున్నాడు, మాటలు రాసిన స్నేహితుడితో ఏం రాసుకున్నాడు, రికార్డింగుకు డబ్బు ఎవరు పెట్టారు అన్న సంగతులు విడుదలకు ముందే దాన్ని తేల్చేసి ఉంటాయి.

ఇలాంటి పాట రెండు చోట్ల చేజారుతుంది. "పెద్దగా వినిపించాలి" అని మాటలకూ బాణీకీ సినిమా వేషం వేసినప్పుడు ఒకసారి, కాగితం లేకుండా విడుదల చేసినప్పుడు ఇంకోసారి. మొదటి తప్పు చేస్తే పాటను ఎవరూ పట్టించుకోరు. రెండో తప్పు చేస్తే అందరూ పట్టించుకుంటారు, చేసినవాణ్ని తప్ప.

మోజు పాటకూ ప్రేమపాటకూ తేడా ఉంది. ప్రేమపాటలో ఇద్దరుంటారు, కథ నడుస్తుంది. మోజు పాటలో ఉండేది ఒక్కరే. అవతలి మనిషికి సంగతే తెలియదు. అడగడం లేదు, అలగడం లేదు, చూడటం తప్ప ఏమీ జరగదు. మన సినిమా ఆ స్థితిని ఎక్కువసేపు భరించలేదు. రెండో చరణానికల్లా హీరో వెంటపడాలి, ఆమె విసుక్కోవాలి, వెనక నలభైమంది ఆడాలి. వెంటపడటం మొదలయ్యాక అది మోజు కాదు, వేధింపు. అందుకే ఈ పాటకు సొంతంగా చేసుకునే సంగీతమే సరైన చోటు. ఒక గొంతు, దగ్గరగా ఒక మైకు, రెండు మూడు వాయిద్యాలు చాలు. గొణుక్కునే మనిషి వెనక ఆర్కెస్ట్రా పెడితే ఎవరు నమ్ముతారు?

ఈ రసం మన నేలకు కొత్తా కాదు. తాళ్లపాక అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో చూపు దగ్గరే ఆగిపోయిన మనసులు ఎన్నో ఉన్నాయి. వాటిని కొడుకు పెద తిరుమలాచార్యులు రాగిరేకుల మీద చెక్కించాడు కాబట్టి మనకు దక్కాయి. 32 వేలు రాశాడంటారు, చేతికొచ్చినవి 14 వేల చిల్లర. దాచిపెట్టిన కొడుకు లేకుంటే ఆ చిల్లరా లేదు. ఆ తర్వాతి కాలంలో ఆకాశవాణి లలిత సంగీతం సినిమాతో పనిలేని పాటను ఇంటింటికీ చేర్చింది. కాబట్టి ‘ప్రైవేటు పాట’ యూట్యూబుతోనే పుట్టిందనుకోవద్దు.

మాటలు

సీమ కుర్రాళ్లు పాట రాయడానికి కూర్చోగానే నోట్లోంచి కోస్తా సినిమా భాష వస్తుంది. "నీ కన్నులే నా లోకమా" అని మొదలుపెడతారు. అది ఎవరి కళ్ల గురించైనా కావచ్చు, కాబట్టి ఎవరి గురించీ కాదు. దాని బదులు ఇలా రాసి చూడండి: "టవర్ క్లాక్ కాడ బస్సు దిగితివి, గొడుగు సీట్లోనే మర్చిపోతివి, నేను వాన చూస్తాండాననుకుంటివి." ఒక చోటు, ఒక వస్తువు, ఒక పొరపాటు. ప్రేమ అన్న మాట రానేలేదు. పల్లవికి ఇంతకన్నా సామాను అక్కర్లేదు.

యాసలో పాడుకునేవాళ్లకు ఒక సౌకర్యం కూడా ఉంది. "చూస్తున్నాను" చివర హ్రస్వం, పొడుగు స్వరం మీద నిలబడదు, తుంచేయాలి. "చూస్తాండా" చివర దీర్ఘం, నాలుగు మాత్రలు పట్టుకున్నా గొంతు తెరిచే ఉంటుంది. అదే విధంగా బాణీ కట్టేటప్పుడు హ్రస్వాన్ని సాగదీయకుండా చూసుకోవాలి. "కల" మీద రెండు మాత్రలు లాగితే వినేవాడికి "కాల" అని పడుతుంది. బాణీ ముందు కట్టి మాటలు తర్వాత పేర్చేవాళ్ల పాటల్లో ఈ లోపం ఎక్కువ. పొడుగు స్వరం ఎక్కడుందో అక్కడ దీర్ఘాక్షరం పడేలా ముందే గీత గీసుకుని రాస్తే పోతుంది.

"యాసలో రాస్తే బయటోళ్లకు అర్థం కాదు" అంటారు. 2021లో శ్రీలంక గాయని యొహానీ పాడిన సింహళ పాట ‘మణికే మగే హితే’ మన ఫోన్లన్నింటిలో మోగింది. అదీ మోజు పాటే. 2020లో అక్కడి గాయకుడు సతీషన్ తెచ్చిన పాటను ఆమె మళ్లీ పాడిన కవర్ అది. మన దగ్గర సింహళం తెలిసినవాళ్లు ఎందరు? మరుసటి ఏడాది ఆ బాణీ హిందీ సినిమాలోకి వెళ్లింది. అదే 2021లో ‘బుల్లెట్టు బండి’ తెలంగాణ పలుకుబడితోనే, ఒక పెళ్లికూతురు బరాత్‌లో ఆడిన వీడియో ఊపుతో రెండు రాష్ట్రాలూ తిరిగింది. సీమ యాసకు అడ్డం అర్థం కాకపోవడం కాదు. పాతికేళ్లుగా తెర మీద ఆ యాసతో కత్తి పట్టించారు, లేదా నవ్వించారు. సిగ్గుపడే కుర్రాడి నోట, తడబడే అమ్మాయి నోట అది ఎంత మెత్తగా ఉంటుందో బయటివాళ్లు వినలేదు. వినని శబ్దానికి విలువ ఎక్కువ. వ్యాపారం లెక్కన చూసినా యాసను వదులుకోవడం నష్టమే.

లెక్క

నిమిషానికి 90 బీట్ల వేగం, నాలుగు బీట్ల బార్ అనుకుందాం. ఒక బార్ 2.67 సెకన్లు. చాలామంది నాలుగు బార్ల గిటారు మ్యూజిక్కు పెట్టి, ఎనిమిది బార్ల చరణం పాడి, అప్పుడు పల్లవికి వస్తారు. అంటే పల్లవి 32వ సెకనులో మొదలవుతుంది. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క. అసలు సరుకు లెక్క గీత దాటాక వస్తోందన్నమాట. మొదటి మ్యూజిక్కును రెండు బార్లకు కుదిస్తే పల్లవి 27వ సెకను లోపే వస్తుంది. ఇంకా ధైర్యముంటే పల్లవిలోని మొదటి వాక్యంతోనే, తాళం లేకుండా, పాట మొదలుపెట్టొచ్చు.

పల్లవిలో నాలుగు బార్ల ముక్క 10.7 సెకన్లు. రీల్‌కు ఎత్తుకునేది ఆ ముక్కనే. అది ముందూ వెనకా లేకుండా ఒంటరిగా విన్నా అర్థమవ్వాలి, చివరి అక్షరం తర్వాత అర సెకను ఖాళీ ఉండాలి, మళ్లీ మొదటికి తిరిగితే కుదుపు రాకూడదు. మొత్తం పాట 60 బార్లయితే 2 నిమిషాల 40 సెకన్లు. మోజుకు అంతకన్నా పొడుగు ఎందుకు?

గది

ఇక్కడే ఎక్కువ పాటలు పాడవుతాయి. మన ఇళ్లలో నేలకు కడప బండలు, అల్మారాలకు కడప బండలు, గోడలకు నున్నటి సిమెంటు. చప్పట్లు కొడితే టకటకమని తిరిగి వస్తుంది. ఆ తిరిగి వచ్చే చప్పుడు గొంతుతో పాటు రికార్డయితే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ శుభ్రంగా తీయలేదు. కోడిగుడ్ల ట్రేలు అంటించడం దండగ. అవి పైస్థాయి శబ్దాన్ని కాస్త చెదరగొడతాయి గానీ, గొంతును బురదగా మార్చే కింది, నడిమి స్థాయిలను ఆపలేవు. మందమే ఆపగలదు. ఆదోని పత్తితో కుట్టించిన పాత పరుపులు రెండు, బొంతలు నాలుగు, నేల మీద జంఖానా ఒకటి. సరిపోతాయి.

పరుపు ఎక్కడ నిలబెట్టాలన్నది ముఖ్యం. అందరూ మైకు వెనక పెడతారు. కార్డియాయిడ్ మైకు వెనకవైపు సరిగా వినదు, ముందువైపే వింటుంది. ముందువైపు, అంటే పాడేవాడి వీపు వెనకున్న గోడ నుంచి వచ్చేదంతా మైకులోకి పోతుంది. పరుపు పాడేవాడి వెనక ఉండాలి. చదరపు గది నట్టనడుమ నిలబడొద్దు, మూలలోనూ వద్దు. గది పొడవులో మూడో వంతు దగ్గర నిలబడితే కింది స్వరాల ఉబ్బు తగ్గుతుంది.

గది బాగా లేకపోతే ఖరీదైన కండెన్సర్ మైకు కన్నా స్టేజీ మీద చేత్తో పట్టుకునే రకం మామూలు డైనమిక్ మైకు మేలు. కండెన్సర్‌కు మైకు కేబుల్ ద్వారానే అందే 48 వోల్టుల కరెంటు (ఫాంటమ్ పవర్) కావాలి. అది అన్నీ వింటుంది: పక్కింటి మిక్సీ, ఆర్టీసీ బస్సు హారన్, పైకప్పు ఫ్యాను. డైనమిక్ మైకుకు నోరు 5 నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో, కండెన్సర్‌కు 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఫ్యాను ఆపాల్సిందే. మే నెలలో కర్నూలులో ఫ్యాను ఆపి పాడటం శిక్షే, అందుకే రాత్రి 11 తర్వాత పెట్టుకుంటారు. అప్పుడు వీధికుక్కలు అందుకుంటాయి, దానికి మందు లేదు.

హెడ్‌ఫోన్లలో "ఊఁ" అని సన్నగా గుయ్ మంటుంటే అది 50 హెర్ట్జ్ కరెంటు హమ్మింగు. పాత ఇళ్లలో ఎర్తింగు సరిగా ఉండదు. ల్యాప్‌టాప్ చార్జరు పీకేసి బ్యాటరీ మీద నడిపి చూడండి. పోతే కారణం చార్జరే, గొంతు రికార్డు చేసేంతసేపు బ్యాటరీ మీదే ఉంచండి. పోకపోతే కేబుల్ చూడండి. యూపీఎస్‌కు ఆనుకుని మైకు కేబుల్ పోతుంటే అడుగు దూరం జరపండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాడొద్దు. శబ్దం చెవికి చేరేసరికే ఆలస్యమవుతుంది, ఎంత లయజ్ఞానం ఉన్నా తాళం వెనకబడుతుంది. రికార్డింగు నాణ్యత 24 బిట్‌లో ఉంచి, గట్టిగా పాడిన చోట కూడా మీటరు మైనస్ 10 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆగేలా పెట్టుకుంటే చాలు. మీటరు ఎరుపును తాకితే ఆ టేకు, అంటే ఆసారి పాడిన రికార్డు, పనికిరాదు.

స్థానికమైన చప్పుడు ఒకటి చేరిస్తే పాటకు ఊరు వస్తుంది. చెక్కభజన చెక్కలో, అనంతపురం వైపు ఉరుములో. ఒకటే, రెండు కాదు. చెక్కల దెబ్బ చురుకైనది, మైకు మీటరు దూరంలో పెట్టి మైనస్ 12 దాటకుండా తీసుకోవాలి. మూడు నాలుగు జానపద వాయిద్యాలు కలిపి దట్టిస్తే ప్రభుత్వ పథకం ప్రచార గీతంలా తయారవుతుంది.

మిక్సింగులో రెండు సంగతులు చెప్పి వదిలేస్తాను. శ్రుతిని దానంతటదే సరిచేసే ఆటోట్యూన్‌ను వేగంగా పెడితే మన గమకాలు మెట్లు మెట్లుగా విరిగిపోతాయి. శ్రుతి తప్పిన స్వరాన్ని ఒక్కొక్కటే చేత్తో సరిచేయండి, జారుడును ముట్టుకోవద్దు. రెండోది, వినేవాళ్లలో ఎక్కువమంది ఫోను స్పీకరు మీద వింటారు. అందులో 60 హెర్ట్జ్ బేస్ వినపడదు. బేస్‌కు కొంచెం శాచురేషన్ (శబ్దానికి కాస్త గరుకుదనం తెచ్చే ఎఫెక్టు) ఇస్తే పైస్థాయి ప్రతిస్వరాలు పుట్టి, చెవి ఆ బేస్‌ను ఊహించుకుంటుంది. శబ్దస్థాయి మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం సగటు బిగ్గరతనానికి కొలత) దగ్గర, ట్రూ పీక్ (శబ్దం తాకే అసలు శిఖరం) మైనస్ 1 దగ్గర ఆపండి. స్పాటిఫై, యూట్యూబ్ ఆ స్థాయికే దించుతాయి, ఆపిల్ మ్యూజిక్ మైనస్ 16కు. మైనస్ 7కు నొక్కి పంపితే వాళ్లు తగ్గించేస్తారు, నొక్కిన దెబ్బలు మాత్రం మిగులుతాయి.

కాగితం

ఒక పాటలో చట్టం దృష్టిలో మూడు ఆస్తులున్నాయి: సాహిత్యం, బాణీ, రికార్డింగు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం మాటలకు రాసినవాడు, బాణీకి కట్టినవాడు, రికార్డింగుకు ‘నిర్మాత’ సొంతదారులు. నిర్మాత అంటే రికార్డింగు చేయించడానికి పూనుకుని బాధ్యత తీసుకున్న మనిషి. స్టూడియో బాడుగ కట్టిన మామ "నేనే నిర్మాతను" అనడానికి ఇక్కడ సందు ఉంది. ఆయన ఇచ్చింది అప్పా, బహుమతా, పెట్టుబడా అన్నది ఒక్క వాక్యంలో రాసి సంతకం పెట్టించుకుంటే ఆ సందు మూసుకుపోతుంది.

బీటు సంగతి ఇంకా ప్రమాదం. యూట్యూబులో "ఫ్రీ" అని దొరికే బీట్లలో చాలావరకు లాభం లేని వాడకానికే ఉచితం. కొన్నవి కూడా ఎక్కువగా నాన్ ఎక్స్‌క్లూజివ్ లీజులు. అదే బీటు మీద ఇంకో వందమంది పాడి ఉంటారు, లీజుకు స్ట్రీముల పరిమితి ఉంటుంది. మీ పాట పైకొచ్చినప్పుడు ఎవరో ఒకరు కంటెంట్ ఐడీ (ఒకే ఆడియోను పోల్చి పట్టే యూట్యూబు వ్యవస్థ) క్లెయిము వేస్తారు, ఆదాయం ఆగిపోతుంది. సినిమా లాయరు మొదట అడిగేదీ ఇదే: "ఎక్స్‌క్లూజివేనా?" కాదంటే సంభాషణ అక్కడికి ముగిసింది. ఊళ్లోనే ఒక కుర్రాడితో కొత్తగా కట్టించుకోండి. అతను కార్డ్సూ (స్వరాల పొందికలు) హుక్కూ (నోట్లో నానే ముక్క) కూడా కట్టి ఉంటే బాణీలో అతనికీ వాటా ఉన్నట్టే, శాతం రాయండి.

హక్కుల బదిలీ కాగితం మీద, సంతకంతోనే చెల్లుతుంది. నోటిమాట చెల్లదు. సెక్షన్ 19 చదవండి, చిన్నదే. కాగితంలో గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకు అని అర్థం. తీసుకున్నవాడు ఏడాదిలోపు వాడకపోతే, వేరేగా రాసుకోకుంటే, బదిలీ రద్దవుతుంది. "మా ఛానెల్‌లో ఉచితంగా ఎక్కిస్తాం" అని వచ్చే యూట్యూబు లేబుళ్లు (పాటల కంపెనీలు) అందుకే "శాశ్వతంగా, ప్రపంచమంతటా, ఇప్పుడున్న, రాబోయే అన్ని మాధ్యమాల్లో" అన్న వాక్యం పెడతాయి. కాగితంలో ఖాళీగా వదిలితే చట్టం మీ పక్షం, ఆ వాక్యం రాస్తే వాళ్ల పక్షం. అంతా అయిపోదు లెండి. 2012 సవరణ తర్వాత రచయితా సంగీతకర్తా తమ రాయల్టీ వాటాను రాసిచ్చినా చెల్లదు, వారసులకూ కాపీరైట్ సొసైటీకీ తప్ప. ఆ రాయల్టీ చేతికి రావాలంటే రచయితల, సంగీతకర్తల కాపీరైట్ సొసైటీ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులై పాటను నమోదు చేసి ఉండాలి. కాపీరైట్ నమోదు తప్పనిసరి కాదు. చేయించుకుంటే సాహిత్యానికీ బాణీకీ 500 రూపాయల చొప్పున, రికార్డింగుకు 2,000. తగాదా వచ్చినప్పుడు తేదీకి సాక్ష్యంగా పనికొస్తుంది.

విడుదల

పాటను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటరుకు విడుదల తేదీకి నాలుగు వారాల ముందు పంపండి. ప్లేలిస్టులో పెట్టమని స్పాటిఫై ఎడిటర్లను అడగడానికి (పిచ్ చేయడానికి) కనీసం 7 రోజుల గడువుండాలి, మిగతాది తిరస్కరణలు సరిచేసుకోవడానికి. తిరస్కరణలు ఎక్కువగా కవరు బొమ్మ మీదే వస్తాయి: 3000 బై 3000 పిక్సెల్స్, మీద ఫోను నంబరూ ఇన్‌స్టా పేరూ ఉండకూడదు. రచయిత గడిలో ముద్దుపేరు కాదు, పూర్తి పేరు. ఇంగ్లిషు అక్షరాల్లో పాట పేరు ఎలా రాస్తారో ముందే ఒకటి ఖాయం చేసుకుని అన్నిచోట్లా అదే వాడండి. "చూస్తాండా"ను నలుగురు నాలుగు రకాలుగా టైపు చేస్తారు, వెతికితే దొరకదు.

ఐఎస్‌ఆర్‌సీ అని, అక్షరాలూ అంకెలూ కలిపి 12 ఉండే గుర్తు ప్రతి రికార్డింగుకు ఒకటి వస్తుంది. దాన్ని రాసిపెట్టుకోండి. రేపు డిస్ట్రిబ్యూటరును మార్చినా అదే గుర్తు, అదే ఆడియో ఇస్తే పాత ప్లేల లెక్క నిలుస్తుంది. స్లోడ్ రెవర్బ్ (వేగం తగ్గించి, ప్రతిధ్వని కలిపిన) వెర్షన్ మీరే కొత్త గుర్తుతో వదలండి, లేకుంటే ఎవడో చేసి వాడి ఛానెల్‌లో పెడతాడు.

అన్నిటికన్నా బాధ పెట్టేది ఒరిజినల్ ఆడియో. విడుదలకు ముందే ఉత్సాహం ఆగక మీరు పెట్టిన రీల్ పాకిందనుకోండి. జనం ఆ ‘ఒరిజినల్ ఆడియో’ మీదే రీల్స్ చేస్తారు. అది మీ విడుదలైన పాట కాదు, దాని లెక్క పాట ఖాతాలో పడదు. ముందు డిస్ట్రిబ్యూటరు ఫారంలో ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లైబ్రరీ టిక్కు పెట్టి, పాట అక్కడ కనపడ్డాకే అసలు రీల్ వేయండి. స్ట్రీములు కొనుక్కోవడం మాట ఎత్తొద్దు. 2024 నుంచి దొంగ స్ట్రీములకు స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్ల మీద జరిమానా వేస్తోంది, వాళ్లు మీ పాటను పీకేస్తారు. ఇక వీడియో. గండికోట లోయ మీద డ్రోను ఎగరేయని పాట మన జిల్లాలో లేదు. అది పురావస్తు శాఖ రక్షిత కట్టడం, చిత్రీకరణకు అనుమతి కావాలి. అయినా బస్టాండులో చూపు కలిసిన పాటకు లోయ ఎందుకప్పా?

ఫోను వచ్చినప్పుడు

సినిమావాళ్లు అడిగేది మొత్తం బదిలీ. మీరు ఇవ్వాల్సింది ఆ ఒక్క సినిమాకు లైసెన్సు. వాళ్లు స్టారు గాయకుడితో మళ్లీ పాడించుకుంటే ఆ కొత్త రికార్డింగు వాళ్లది, బాణీ, మాటలు మీవే. "చూస్తాండా"ను "చూస్తున్నా" అని మారుస్తామంటారు, తప్పకుండా అంటారు. సెక్షన్ 57 రచయితకు రక్షణ ఇస్తుంది గానీ, మార్పు వల్ల పరువు పోయిందని కోర్టులో చూపించాలి, అది ఏళ్ల పని. దానికన్నా ఒప్పందంలోనే రాయించండి: రచయిత రాతపూర్వక అనుమతి లేకుండా అక్షరం మార్చకూడదు, యాప్‌లలో, తెర మీద పేర్లు ఈ వరుసలో రావాలి.

ఆఖరున, సంతకానికి ముందు రోజు, ఇంకో చిన్న కోరిక వస్తుంది. "మా పాట ఫ్రెష్‌గా ఉండాలి, మీ పాతది తీసేయండి" అని. తీసేస్తే ఆ లింకులు పోతాయి, ప్లేలిస్టుల్లోంచి రాలిపోతుంది, జనం చేసిన రీల్స్ మూగబోతాయి. దానికి ఒప్పుకోవద్దు. మరీ పట్టుబడితే వాళ్ల విడుదలకు అటూ ఇటూ కొన్ని వారాలు మీ పాటకు ప్రచారం చేయబోమని రాసివ్వండి. పాట మాత్రం ఉన్నచోటే ఉండాలి, అదే గొంతుతో, అదే యాసతో, మీ ఐఎస్‌ఆర్‌సీతో.